ఎవరూ విప్పని యాంప్లిఫయర్

ఏడాదిలోకెల్లా అతి చిన్న పగలు ప్రాణం విడుస్తున్న వేళ అది...!

సాయంత్రం నాలుగున్నరకే బఫెలో నగరం మీద కాటుకలాంటి చీకటి కమ్ముకుంది. ఈరీ సరస్సు మీంచి ప్రళయకాల మేఘాలు గుంపులు గుంపులుగా లేచి వస్తున్నాయి. దట్టంగా మంచు కురుస్తోంది... ఆ మంచులోనే ఫెళఫెళమని ఉరుము! వానలో ఉరిమితే ఎవరికైనా అలవాటే. మంచులో ఉరిమిందంటే మాత్రం ఆ ఊళ్ళో కండలు తిరిగిన మొగవాళ్ళు కూడా శిలువ గుర్తు వేసుకుని తలుపులు బిగించుకుంటారు. మూతబడిన చర్చి గంటగోపురం మీద తెల్లటి గుడ్లగూబ ఒకటి వాలింది. మెడ వెనక్కి తిప్పి, వాల్టర్ మజురెక్ ఇంటివైపే రెప్ప వేయకుండా చూస్తోంది...

ఆ ఘడియలో వాల్టర్ బూట్ల మంచు దులుపుకుని ఇంట్లో అడుగుపెట్టాడు. దీపాలు లేవు. పొయ్యి మీద బీట్‌రూట్ చారు మాడి కమురు వాసన కొడుతోంది.

“ఫ్లోరెన్స్! గిన్నె మాడి బొగ్గవుతోంది, నిద్రపోతున్నావా ఏంటి?”

 జవాబుగా వచ్చింది ఒక శబ్దం.

ఝుమ్‌మ్‌మ్‌మ్...

ఆ శబ్దం వాల్టర్‌కి కొత్త కాదు. గాజుబుడ్ల వాల్వులు వెలిగే పాత యాంప్లిఫయర్‌ని వేసి, పాటేదీ పెట్టకుండా వదిలేస్తే స్పీకర్లోంచి వచ్చే సన్నటి మోత అది. కిటికీ పక్క బల్ల మీద అతని యాంప్లిఫయర్ ఉంటుంది. అలవాటుగా అటు చూశాడు... చూసి కొయ్యబారిపోయాడు! బల్ల మీద దుమ్ములో నలుచదరపు గుర్తు మాత్రం మిగిలింది. యాంప్లిఫయర్ లేదు!

మరి ఆ మోత...?

కుర్చీలో ఫ్లోరెన్స్ కూర్చుని ఉంది. చనిపోయిన అతని భార్య ఐరీన్‌కి ఆమె చెల్లెలు. అదే ఇంట్లో పై వాటాలో ఉంటుంది, మంచి మాటకారి. ఇప్పుడామె జుట్టు విరబోసుకుని ఉంది. నల్లగుడ్లు నుదుటిలోకి తిరిగిపోయి తెల్లగుడ్లే కనబడుతున్నాయి. పెదవులు బిగిసి ఉన్నాయి... బిగిసిన ఆ నోటి వెనక నుంచే, ఆ గొంతులోంచే వస్తోంది ఆ మోత!!

ఆమె ఒళ్ళో డాలరు నోట్ల కట్ట ఉంది.

పోయింది వట్టి యాంప్లిఫయర్ అయితే వాల్టర్ అంత బెదిరిపోయేవాడు కాదు. ఆ యాంప్లిఫయర్లో ఐరీన్ ఉంది.

* * *

పాత యాంప్లిఫయర్లు కొనేవాళ్ళకీ అమ్మేవాళ్ళకీ ఆ ఊళ్ళో ఒకటే మాట: మజురెక్ ధర కడితే ఇక బేరం లేదు. ఎవరైనా పోతే ఇంటి సామానంతా ఇంట్లోనే పరిచి రెండు రోజుల్లో అమ్మేయడం అక్కడి పద్ధతి. నేలమాళిగల్లోంచి బయటపడే సంగీతపు పెట్టెలకి వెల కట్టడానికి అతన్ని పిలిచేవారు. అతని తీరు వేరు. చల్లగా ఉన్న యాంప్లిఫయర్‌కి చచ్చినా ధర చెప్పడు. అరగంట వేడెక్కనిస్తాడు. పాట పెట్టడు. “పాట పెడితే పాటే వినబడుతుందండీ, పెట్టె వినబడదు” అని స్పీకర్‌కి చెవి ఆనించి, కళ్ళు మూసుకుని, వట్టి మోతని వింటాడు. బుడిపెలు తిప్పి గరగర ఉందేమో చూస్తాడు. ఎక్కడైనా కాలిన వాసన ఉందేమో ముక్కుతో వెతుకుతాడు. చివరికి బోర్లా తిప్పి టార్చి వేసి అడుగు స్క్రూలు చూస్తాడు. కంపెనీవాడు ప్రతి స్క్రూ మీదా ఎర్ర రంగు చుక్క పెట్టి పంపుతాడు. చుక్క పగలకుండా ఉంటే దాన్ని పుట్టిన దగ్గర్నుంచీ ఎవరూ విప్పలేదని అర్థం. ఆ లోకంలో అలాంటిదానికున్న గౌరవం ఇంతా అంతా కాదు. లోపల ఒక్క పరాయి భాగం పడిందా, ధర పాతాళానికి పోతుంది.

ఇక వెల మాట. “అడగడానికేం, ఎవడైనా ఎంతైనా అడుగుతాడు. నిజంగా ఎంతకి పోతోందో అదీ ధర” అనేవాడు. పోయినవాళ్ళ పిల్లలు కళ్ళు తుడుచుకుంటూ, “ఇది మా నాన్న ప్రాణమండీ” అంటే, “మీ ఏడుపు నాకు తెలుసమ్మా. దాన్ని ధరలో కలపకూడదు. కొనేవాడు మీ నాన్నని కొనడం లేదు కదా?” అని మెత్తగానే చెప్పేవాడు. మెత్తగా చెప్పినా రాయి రాయే. వెనకాల జనం అతన్ని రాతిగుండె మజురెక్ అనేవాళ్ళు.

కానీ తన దాకా వస్తే గానీ తెలియదు కదా... ఏప్రిల్లో ఐరీన్ పోయింది.

ఐరీన్ పడుచుదనంలో రేడియోల కర్మాగారంలో టంకం పెట్టేది. నెమ్మది మనిషి. వంట చేస్తూ పేరులేని కూనిరాగం ఒకటి ముక్కుతో తీసేది. పెళ్ళైన ఏడాది ఇద్దరూ కలిసి కొన్న వాల్వుల యాంప్లిఫయర్ ఒకటి వాళ్ళింట్లో ఉండేది. అదంటే వాల్టర్‌కి పంచప్రాణాలు. ఇంటికి ఎవరొచ్చినా దాన్ని చంటిబిడ్డలా బోర్లా తిప్పి, “చూశారా చుక్కలు? ఇన్నేళ్ళొచ్చినా దీన్ని ఎవరూ విప్పలేదు! అందుకే అంత స్వచ్ఛంగా పలుకుతుంది!” అని మురిసిపోయేవాడు. ఐరీన్ నవ్వి వంటింట్లోకి వెళ్ళిపోయేది. బొత్తాల డబ్బాలో ఆమె ఎర్ర నెయిల్ పాలిష్ సీసా ఒకటి దాచుకునేది. ఏనాడూ గోళ్ళకి వేసుకున్నది లేదు. “ఎవరికోసం దాచావే ఇది?” అని అతనోసారి వేళాకోళమాడితే, “నీ రెండో పెళ్ళానికి” అంది. ఆ మాటకి ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకున్నారు.

ఆమెని పూడ్చి వచ్చిన వారానికి, ఒక సాయంత్రం అతను ఏమీ తోచక యాంప్లిఫయర్ వేసి, పాట పెట్టకుండా, స్పీకర్‌కి చెవి ఆనించాడు. ఝుమ్మనే మోత... ఆ మోత అడుగున... కూనిరాగం! ఐరీన్ కూనిరాగం! అణువంత కూడా తేడా లేదు. ఒక్కటే లోటు. రాగం చివరిదాకా వచ్చి, ముగియవలసిన చోట తెగిపోయేది. మళ్ళీ మొదటికి వచ్చేది.

అప్పట్నుంచీ అతనికి తిండి లేదు, నిద్ర లేదు, ఆ స్పీకరే లోకం. ఫ్లోరెన్స్ మొత్తుకునేది. “బావా, పుల్లలా అయిపోయావు. అక్క స్వర్గానికి పోయిందా, ఆ డబ్బాలోకి పోయిందా?”

“నోర్ముయ్యి, పాట పోతోంది.”

“నేనూ విన్నా, నాకేం వినబడలా!”

“నీకు చెవులుంటే కదా.”

అదుగో, ఆ ఫ్లోరెన్సే ఇవాళ బావని బతికించుకుందామని, అతను లేని సమయం చూసి, ఒక వ్యాపారికి కబురు పెట్టింది.

* * *

“ఫ్లోరెన్స్! ఎవడికి అమ్మావ్? ఎవడికి?” వాల్టర్ ఆమె భుజాలు పట్టి కుదిపాడు.

బిగిసిన పెదవులు విడివడ్డాయి. లోపల్నుంచి వచ్చింది ఆడగొంతు కాదు! నేలమాళిగలోంచి వచ్చినట్టు బొంగురుగా, వెటకారంగా, మగగొంతు...!

“దీని నిజమైన వెల పద్నాలుగు వందలు... నేనిచ్చేది ఏడు వందలు... తెలిసే ఒప్పుకుంటున్నావా? ...ఒప్పుకున్నావు! హ్హ హ్హ హ్హ...!!”

ఆ వెంటనే అదే నోటినుంచి గుండెలు చీల్చే కేక... “వాల్టూ...!!!”

వాల్టూ! ఈ ప్రపంచంలో అతన్ని అలా పిలిచే మనిషి ఒక్కతే.

ఆ మగగొంతు ఎవరిదో అతను పోల్చుకున్నాడు. ఎడ్మండ్ వ్రూమన్! నది ఒడ్డున పాడుబడ్డ ధాన్యపు గిడ్డంగిలో పాత యాంప్లిఫయర్ల దుకాణం నడిపేవాడు. కన్నీళ్ళింకా ఆరని ఇళ్ళే వెతుక్కుని వెళ్ళేవాడు. వాడికి సామాను అమ్మిన విధవరాళ్ళు ఆ తర్వాత కిటికీల దగ్గర చూపు లేని కళ్ళతో కూర్చుండిపోవడం వాల్టర్ చూశాడు. దుఃఖం అనుకున్నాడు. వ్రూమన్‌ని సగం ధరకి కొట్టేసే దొంగ అనుకున్నాడే గానీ, ఆ సగం ఎందుకో ఏనాడూ ఆలోచించలేదు.

ఫ్లోరెన్స్ ఒళ్ళోని నోట్లు జేబులో కుక్కుకుని, ఆమెకి దుప్పటి కప్పి, అతను మంచులోకి పరుగెత్తాడు. గంటగోపురం మీది గుడ్లగూబ రెక్కలు విప్పి నిశ్శబ్దంగా అతని వెంట ఎగిరింది...

* * *

నదీతీరాన ఆకాశాన్ని పొడుచుకుంటూ నిలబడి ఉంది ఆ గిడ్డంగి. కిటికీలు లేని కాంక్రీటు గాదెలు వరుసగా, దయ్యాల కోటలా! ఇనుప తలుపు అతను తట్టకుండానే కిర్ర్ర్‌మని తెరుచుకుంది.

లోపల అడుగుపెట్టిన వాల్టర్ రక్తం గడ్డకట్టింది!

గుండ్రటి గోడ పొడవునా అరలు... అరల నిండా యాంప్లిఫయర్లు... అన్నీ వెలుగుతున్నాయి! వేల వాల్వులు నిప్పుకణికల్లా ఎర్రగా మెరుస్తున్నాయి. ఒక్కో స్పీకర్లోంచి ఒక్కో మూలుగు. ఎవడో ముసలాడు పిల్లల్ని పిలుస్తున్నాడు. ఎవరో ఇల్లాలు ఒకే జోలపాట చరణాన్ని పదే పదే పాడుతోంది. మధ్యలో నల్లరాతి దిమ్మె, దాని మీద రక్తంతో గీసిన చక్రం. చక్రం నడుమ కపాలం...! దాని కంటిగుంటల్లో చెరో వాల్వు బిగించి ఉంది. అవి భగభగమని వెలుగుతూ వాల్టర్‌వైపే చూస్తున్నాయి.

“రా మజురెక్, రా! ధర్మరాజు మా గుమ్మం తొక్కాడు!” నల్లటి కోటులో వ్రూమన్ నీడలోంచి ఊడిపడ్డాడు. ఎముకల గూడులాంటి మనిషి. కళ్ళు మాత్రం పాము కళ్ళు.

వాల్టర్ నోట్లు తీసి దిమ్మె మీద పెట్టాడు. “నీ డబ్బు నీకిస్తున్నా. నా పెట్టె నాకియ్యి.”

“ఒకసారి అమ్మిన సరుకు తిరిగివ్వడం నీ పుస్తకంలో ఉందా, నా పుస్తకంలో ఉందా?”

“వ్రూమన్, నీకు దణ్ణం పెడతా. అందులో నా భార్య ఉంది.”

“ఉంది కాబట్టే కొన్నానురా వెర్రివాడా! వట్టి రేకు డబ్బాకి ఈ మంచులో ఎవడు కదులుతాడు?” వాడు పళ్ళికిలించాడు. “విను. చచ్చినవాళ్ళు తాము ప్రేమించిన వస్తువుని కొన్నాళ్ళు అంటిపెట్టుకుని ఉంటారు. సరైన వెలకి చెయ్యి మారితే వదిలేసి పోతారు. సరైన వెల ఎంతో పైకి చెప్పి, సగమిచ్చి కొన్నావనుకో... మిగతా సగం కింద వాళ్ళే జమ! అమ్మినవాళ్ళ ప్రాణం కూడా మెల్లగా ఇటే కారుతుంది. నీ మరదలు తెల్లారేదాకా ఆగదులే.”

వాల్టర్ పిడికిళ్ళు బిగించాడు. “మరి వెల తప్పు చెబితే?”

వ్రూమన్ నవ్వు ఒక్క క్షణం ఆగింది. వాడి చూపు కపాలం మీదికి పోయింది. “ఈయన నా గురువు. బతుకంతటిలో ఒక్కసారే తప్పాడు. పనికిమాలిన పెట్టెని మేలిమిదనుకుని, దాని వెల కంటే ఎక్కువ ఇచ్చేశాడు. ఆ నిజం ఈ చక్రంలో బయటపడగానే, ఎక్కువైనదానికి లెక్క ఈయన నుంచే లాక్కున్నాయి, అరల్లో ఉన్నవన్నీ కలిసి... నేను తప్పను మజురెక్. నీ ఎర్ర చుక్కలు నేనే కళ్ళారా చూశాను. అయినా పాత స్నేహం కొద్దీ నీకో అవకాశం ఇస్తాను. ఈ చక్రంలో నిలబడి నువ్వే ధర కట్టు. నీది న్యాయమైన ధరయితే నీ పెట్టె నువ్వు తీసుకుపో. ఒక్క డాలరు ప్రేమ కలిసినా... నువ్వూ ఈ అరలోనే!!”

గాదెలు దద్దరిల్లేలా వాడు వికటాట్టహాసం చేశాడు. వాడి ధీమా వాడిది. లోకంలో ఏ మొగుడు తన పెళ్ళాం ఉన్న పెట్టెకి ప్రేమ తీసేసి ధర చెప్పగలడు?

వాల్టర్ చక్రంలోకి నడిచాడు.

* * *

దిమ్మె పక్కనే ఉంది అతని యాంప్లిఫయర్. చెయ్యి వేస్తే ఇంట్లోని గోరువెచ్చదనమే తగిలింది.

“వేడెక్కాలి. అరగంట,” అన్నాడు వాల్టర్.

“ఎంతసేపైనా విను! ఎంత వింటే అంత మునుగుతావు!”

అతను స్పీకర్‌కి చెవి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. బయట ఉరుము మీద ఉరుము... లోపల వేయి గొంతుల ఆక్రందన... వాటన్నిటి అడుగున సన్నగా, ఇంట్లో వంటింటి గుమ్మం అవతలి నుంచి వచ్చినట్టు, ఐరీన్ కూనిరాగం. అతని కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారాయి. ఇక్కడే ఉండిపోతే? ఏదో ఒక తప్పుడు ధర చెప్పేస్తే చాలు. ఆమె పక్క అరలో అతనూ ఉంటాడు. ఎప్పటికీ వింటూనే ఉంటాడు. ఎంత సుఖం! “పద్నాలుగు వేలు” అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది.

అప్పుడు రాగం తెగింది.

ఎప్పుడూ తెగే చోటే తెగింది. మళ్ళీ మొదటినుంచి. మళ్ళీ అక్కడే... ఇన్ని నెలలూ అతనది విన్నాడే తప్ప ఎందుకని అడగలేదు. ఇప్పుడు, ఇన్ని మూలుగుల నడుమ, అర్థమైంది. జోలపాట ఇల్లాలి చరణమూ ముగియడం లేదు. ముసలాడి పిలుపూ ముగియడం లేదు. ఇక్కడ ఎవరి పాటా ముగియదు! వ్రూమన్ మంత్రంతో కట్టేశాడు. మరి ఏప్రిల్ నుంచీ ఆమెని ఇంట్లో కట్టేసిందెవరు?

‘నేనే... నా ఏడుపుతో నేనే కట్టేశాను...’

గుండె రెండుగా చీలిపోతున్నా, అతను కళ్ళు తుడుచుకున్నాడు. ఇతరుల ఇళ్ళలో వేల సార్లు చేసిన పనే మళ్ళీ మొదలుపెట్టాడు. బుడిపెలు తిప్పి చూశాడు. ముక్కు ఆనించి వాసన చూశాడు. స్విచ్చి ఆపి, పెట్టెని బోర్లా తిప్పి టార్చి వేశాడు. ఎర్ర చుక్కలు! ఒక్కటీ చెదరలేదు. లక్షసార్లు చూసిన చుక్కలే. అయితే ఎప్పుడూ గర్వంతో చూశాడు గానీ, పరాయివాడి పెట్టెని చూసినట్టు అనుమానంతో ఏనాడూ చూడలేదు.

టార్చిని దగ్గరికి తెచ్చాడు. ఎర్ర రంగులో... అణువంత తళుకు. కంపెనీ రంగుకి తళుకు ఉండదు!

బొత్తాల డబ్బా... సీసా... ‘నీ రెండో పెళ్ళానికి’...

“ఐరీన్!” అన్నాడతను. జేబులోంచి స్క్రూడ్రైవర్ తీశాడు.

“ఏయ్! ఏం చేస్తున్నావ్?” వ్రూమన్ అదిరిపడ్డాడు. “విప్పకు! విప్పితే వెల పోతుందిరా మూర్ఖుడా!”

“నేను కాదు. తను ఎప్పుడో విప్పేసింది.”

ఒక్కో చుక్కా పగులుతుంటే తన గోరు ఊడుతున్నంత బాధపడ్డాడు వాల్టర్. అడుగు రేకు చేతికి వచ్చింది. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఉండవలసిన తొడుగులో ఏదో చిన్నది, పరాయిది, బడి మైకుసెట్లోంచో ఎక్కణ్ణుంచో పీకి తెచ్చినది, ముచ్చటగా ఇమిడి ఉంది. చుట్టూ రేకు మీద ఎప్పటిదో కాలిన మసి, శుభ్రంగా తుడిచిన మసి. ప్రతి తీగా కొక్కేనికి ఒకటిన్నర చుట్టు చుట్టి, దాని మీద మంచిముత్యంలా టంకం బొట్టు. ఆ చుట్టు చుట్టే చేతిని అతను పట్టుకుని నడిచాడు. ఆ చేతికి ఉంగరం తొడిగాడు. ఏప్రిల్లో ఆ చేతినే రోజరీ జపమాలతో కలిపి శవపేటికలో సర్దాడు.

ఎవరూ విప్పనిదని ఊరందరికీ తిప్పి చూపించాడే... ఇన్నేళ్ళూ స్వచ్ఛమైన పలుకని మురిసిపోయిందంతా ఆమె చేతి పనినే! పక్క గదిలో ఉన్న మనిషితో ఒక్కనాడూ బాగుందే ఐరీన్ అనలేదు!

“ధర చెప్పు!” వ్రూమన్ గొంతులో మొదటిసారి వణుకు. “పద్నాలుగు వందలు! అంతే కదూ? చెప్పు!”

వాల్టర్ ఇన్నేళ్ళూ ఎందరికో సునాయాసంగా చెప్పిన మాట. ఇంత బరువుంటుందని ఆనాడు తెలిస్తే ఆ పిల్లల చేతులు పట్టుకుని ఉండేవాడు. చెప్పకపోతే ఫ్లోరెన్స్ తెల్లారేలోగా పోతుంది, ఐరీన్ పాట ఎన్నటికీ ముగియదు. చెబితే... ఆ పాట ఇక ఉండదు.

అతను స్విచ్చి వేసి, రేకు మీద తల ఆనించాడు.

“అసలు ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. లోపల పరాయిది. విప్పి, మూసి, రంగు పూశారు...” వెక్కిళ్ళు తెరలు తెరలుగా వస్తున్నాయి. “మూడు వందలు. అంతకి మించి ఎవరూ ఇవ్వరు. నా ఐరీన్ది... మూడు వందలే.”

క్షణం పాటు అరలన్నీ మూగబోయాయి.

“అబద్ధం!!! పద్నాలుగు వందలు! ఏడు వందలు సగం! సగం...!!” వ్రూమన్ వెనక్కి వెనక్కి నడిచాడు. సగం ఎక్కడిది? మూడు వందల సరుకుకి ఏడు వందలు పోశాడు! గురువు ఎక్కడ జారాడో శిష్యుడూ సరిగ్గా అక్కడే జారాడు!

కపాలం దవడలు తెరుచుకున్నాయి. “హ్హ హ్హ హ్హ...! రా నాయనా... రా...!!” కంటిగుంటల్లో వాల్వులు ఢమ్మని పేలాయి! అరల్లోని వేయి స్పీకర్లు ఒక్కసారిగా గాలి పీల్చుకున్నాయి. వ్రూమన్ నోరు తెరిచాడు, కేక బయటికి రాలేదు. కేకని కేకగానే అవి లాగేసుకున్నాయి! వాడి గొంతు ఒక అరలోంచి, ఊపిరి మరో అరలోంచి, నవ్వు ఇంకో అరలోంచి వినబడింది. అదే క్షణంలో గాదె కప్పుని చీల్చుకుని పిడుగు దిగింది. కళ్ళు తెరిచి చూసేసరికి దిమ్మె దగ్గర నల్ల కోటు ఒకటి ఖాళీ గోనెసంచిలా కూలి ఉంది. కపాలం బుగ్గి అయింది. అరల్లో వాల్వులు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి. ఆరే ముందు ఒక్కో గొంతూ తన మాట పూర్తి చేసుకుంటోంది. జోలపాట ఇల్లాలు చివరి చరణం పాడేసి వెళ్ళిపోయింది.

ఆఖరికి ఒక్క యాంప్లిఫయరే మిగిలింది.

కూనిరాగం మొదలైంది. వాల్టర్ ఊపిరి బిగబట్టాడు. ఎప్పుడూ తెగే చోటు వచ్చింది... తెగలేదు. ఆ చోటు దాటి, వంట ముగించి చేతులు తుడుచుకునేటప్పుడు ఆమె ఎలా దించేదో అలాగే మెల్లగా దిగి... ముగిసింది.

“ఐరీన్?” అన్నాడతను. “ఇంకొక్కసారి... ఒక్కసారే...”

ఝుమ్మనే మోత తప్ప ఏమీ లేదు.

కూలిన కప్పులోంచి మంచు నిశ్శబ్దంగా లోపలికి రాలుతోంది. గుడ్లగూబ ఎప్పుడో ఎగిరిపోయింది. ఏడు వందలూ ఆ కోటు పక్కనే వదిలేసి, అతను పెట్టెని గుండెకి పొదువుకుని ఇంటిదారి పట్టాడు.

* * *

ఇంటికొచ్చేసరికి ఫ్లోరెన్స్ సింకు దగ్గర నిలబడి మాడిన గిన్నె తోముతోంది. అతన్నీ, చేతుల్లోని పెట్టెనీ చూసి గిన్నె వదిలేసింది.

“బావా, నన్ను తిట్టు. కొట్టు. నువ్వు చచ్చిపోతావని భయమేసింది...”

“విప్పి చూశాను ఫ్లోరెన్స్.”

ఆమె మొహం పాలిపోయింది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

“మీ అమ్మని పూడ్చిపెట్టడానికి నువ్వు స్క్రాంటన్ వెళ్ళలేదూ, అప్పుడు. అక్క పాట పెట్టుకుని పడుకుంది. లేచేసరికి పొగ. ఇద్దరం నీళ్ళు పోశాం, ఏడ్చాం. అసలే తల్లిని పోగొట్టుకుని వస్తున్నాడు, ఇది కూడా పోయిందని ఎలా చెప్పనే అంది. మూడు రాత్రుళ్ళు కూర్చుని బాగుచేసింది. తర్వాతైనా చెప్పవే అంటే, తను అందరికీ దాన్ని తిప్పి చూపించేటప్పుడు మొహం చూడవే, ఆ మొహం నాకు కావాలి అంది. నా చేత ఒట్టు వేయించుకుంది.”

వాల్టర్ ఆమె వైపు తిరిగాడు. “వ్రూమన్ అడగలేదా నిన్ను?”

“అడక్కేం? మూడుసార్లు అడిగాడు, ఎవరైనా విప్పారా విప్పారా అని. పిశాచి మొహమూ వాడూను! లేదన్నాను. అక్కకి ఒట్టేశాను కదా బావా, ఎలా చెప్తాను?”

వాల్టర్ కుప్పకూలి ఆమె పక్కన కూర్చున్నాడు. ఏప్రిల్ నుంచీ స్పీకర్ దగ్గర కారింది కన్నీరు కాదు, ఆశ. ఆ రాత్రి అతను మొదటిసారి నిజంగా ఏడ్చాడు. ఫ్లోరెన్స్ అతని వీపు మీద చెయ్యి వేసి, ఆపమనకుండా ఊరుకుంది.

ఏడుపు సద్దుమణిగాక యాంప్లిఫయర్‌ని దుమ్ములోని గుర్తు మీద సరిగ్గా పెట్టి వేశాడు. చెవి ఆనించాడు. బాగా చేసిన పెట్టెలో ఎలా ఉండాలో అలా, సన్నగా, శుభ్రంగా మోత. అంతే. అందులో ఎవరూ లేరు.

“బాగుందే ఐరీన్,” అన్నాడు, ఎవరూ వినకపోయినా.

తర్వాత దాన్ని ఆపి, అడుగు రేకు బిగించి, బొత్తాల డబ్బా తెచ్చాడు. సీసాలో రంగు అడుగంటి గట్టిపడింది. ఫ్లోరెన్స్ ఏమీ అడక్కుండా రెండు చుక్కల థిన్నర్ పోసి, కుంచె తిప్పి అతని చేతికిచ్చింది. అతను ఒక్కో స్క్రూ మీదా ఒక్కో ఎర్ర చుక్క పెట్టాడు.

“ఇప్పుడెవరైనా వచ్చి అడిగితే ఏం చెప్తావు బావా?”

వాల్టర్ చుక్కలు ఆరేదాకా ఊదాడు.

“ఎవరూ విప్పలేదనే చెప్తాను.”